కొయ్య చెంబు తొలచడం నేర్చుకుంటారా? ముందు మూతి తేల్చుకోండి, మిషను తర్వాత

లేతు (కర్రని గిరగిరా తిప్పే మిషను) మీద కొయ్య భరిణెలు, చెంబులు చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి నన్నడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ మిషను కొనమంటారండీ?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. మీరు చేయాలనుకుంటున్న పాత్రకి మూతి ఎంత? పిడికిలి దూరేంతా, రెండు వేళ్ళు దూరేంతా, చిటికెన వేలు కూడా పట్టనంతా? అది తేలకుండా మిషను బేరం మొదలెట్టడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. నేను చేసింది సరిగ్గా అదే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ముందు మిషను కొన్నాను, దాంతో వచ్చిన ఉలుల సెట్టుతోనే సన్నమెడ కూజా తొలచబోయాను, ఎంత లోతుకి పోయానో తెలియక అడుగు ఊడగొట్టాను. రెండు వైపులా తెరుచుకున్న ఆ మామిడి గొట్టం ఇప్పటికీ మా పెరట్లో కరివేపాకు మొక్కకి కంచెగా ఉంది, మా అమ్మ దాన్ని తియ్యనివ్వదు.

మూతి దగ్గర ఇంత పట్టు ఎందుకంటే, వెడల్పాటి గిన్నె తిప్పేటప్పుడు ఉలి ఎక్కడ కోస్తోందో కంటికి కనిపిస్తుంది, పొట్టు దానంతటదే బయటికి ఎగిరిపోతుంది, టూల్‌రెస్ట్‌ని (ఉలి ఆనించుకునే కమ్మీని) కొంచెం లోపలికి తిప్పి పెట్టుకోవచ్చు. మూతి 2 అంగుళాల కంటే తగ్గిందా, ఈ మూడూ పోతాయి. రెస్ట్ బయటే ఉండిపోతుంది, ఉలి మొన అక్కణ్ణుంచి 5, 6 అంగుళాలు చీకట్లోకి వెళ్ళి కోస్తుంది, పొట్టు లోపలే కూరుకుపోయి ఉలిని బిగించేస్తుంది. పడవ గెడని ఒక కొస దగ్గర పట్టుకుని రెండో కొసతో నీళ్ళలోంచి బిందె ఎత్తమంటే చేతులకి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందుకే రెస్ట్ దాటి ఎంత పొడుగు లోపలికి పోతుందో దానికి నాలుగైదు రెట్లు ఇవతల పిడి ఉండాలంటారు. 6 అంగుళాల లోతుకి కనీసం రెండడుగుల పిడి అన్నమాట.

నా లెక్క ఇది. మొదటి పది పాత్రలూ మూత భరిణెలే చేయండి, మూతి 3 అంగుళాలు, లోతు 2 అంగుళాలు, అంతకు మించొద్దు. ఆ తర్వాత రెండు మూడు వేళ్ళు పట్టే మూతితో చెంబు. చెంబులు అయిదారు పగలకుండా వచ్చాకే కూజా. ఇప్పుడు కింద చెప్పే ప్రతి ఎంపికా, ఈ మూడింటిలో మీరు ఎక్కడున్నారో దాన్నిబట్టే మారుతుంది.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

మన గోదావరి ఊళ్ళలో మంచం కోళ్ళు, ఉయ్యాల కాళ్ళు, మెట్ల రెయిలింగు కర్రలు తిప్పే లేతు షాపులు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్ళు దాన్ని తరిమెన అనేవారు, ఇప్పుడందరూ లేతనే అంటున్నారు. ఆ షాపులో ఒక నెల కూర్చుంటే మీకు రెండు విద్యలు వస్తాయి: ఉలి పదును పెట్టడం, ఉలి వీపుని కర్రకి ఆనించి నెమ్మదిగా కోతలోకి దించడం. ఈ రెండూ రాకుండా డొల్ల పాత్రలోకి దిగితే చెయ్యి అదురుతూనే ఉంటుంది. మా మేస్త్రి గారైతే పది రోజులు నన్ను సానరాయి దగ్గర్నుంచి కదలనివ్వలేదు, "పదును రానోడికి పని రాదండీ" అని అదొక్కటే మాట. ఒక లోటు ఏమిటంటే వాళ్ళు కర్రని రెండు కొసలా బిగించి తిప్పుతారు. ఒక కొస వదిలేసి, ఆ తెరిచిన కొసలోంచి లోపలికి వెళ్ళే పని వాళ్ళకి రోజువారీ లేదు. నేను చెంబు బొమ్మ గీసి చూపిస్తే ఆయన నవ్వి, "బయట మనిష్టమండీ, లోపల దాని ఇష్టం" అన్నారు.

రెండో దారి ఏటికొప్పాక. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉంటుంది, రాజమండ్రి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కితే రాత్రికి తిరిగి ఇంటికి రావచ్చు. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళు వాడేది అంకుడు కర్ర, తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది, ఉలి పెడితే వెన్నలా దిగుతుంది. భరిణెకి మూత బిగువు కుదర్చడం, తిరుగుతున్న పాత్రకి లక్క కర్ర ఒత్తిపెట్టి ఆ రాపిడి వేడికే రంగు కరిగించి పట్టించడం, మొగలాకుతో రుద్ది మెరుపు తేవడం, ఇవి నేర్చుకోవాలంటే లక్క పనివాళ్ళ దగ్గర కూర్చోవాల్సిందే. అయితే అంకుడు మీద అలవాటైన చెయ్యి మన తుమ్మ మీదా వేప మీదా పెడితే మొదటిరోజే దెబ్బ తింటుంది, అది గుర్తుంచుకోండి.

మూడోది ఇంట్లో ఒక్కళ్ళే వీడియోలు చూసి నేర్చుకోవడం. సన్నటి మూతిలోంచి వంపు ఉలులతో పల్చటి పాత్రలు తొలచే పద్ధతిని 1970లలో అమెరికాలో డేవిడ్ ఎల్స్‌వర్త్ అనే ఆయన బాగా ముందుకు తీసుకెళ్ళాడు, ఆ దారిలో వచ్చినవాళ్ళ పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి. కాకపోతే వాళ్ళ చెక్కలు వేరు, మిషన్ల బరువు వేరు, పైగా వీడియోలో శబ్దం వినిపిస్తుంది గానీ చేతికి వచ్చే అదురు తెలియదు. ఉలి పట్టేసేముందు పిడిలో ఒక చిన్న గుబగుబ వస్తుంది. అది పక్కన మనిషి ఉండి "ఇదిగో, ఇదే" అంటే గానీ పట్టుబడదు.

నన్నడిగితే నెల రోజులు మంచం కోళ్ళ షాపు, ఆ తర్వాత వీడియోలు. భరిణె మూత కుదరక విసుగొచ్చినప్పుడు ఒకసారి ఏటికొప్పాక. ఈ వరస తిరగేస్తే డబ్బు దండగ.

మిషను

బజార్లో దొరికే చిన్న ఇనుప లేతు కొనాలా, ఇక్కడే చానల్ ఇనుముతో చేయించుకోవాలా? భరిణెల వరకే అయితే చిన్న మిషను చాలు, ఇంట్లో బల్ల మీద పెట్టుకోవచ్చు, వేగం మార్చుకునే వీలు ఉంటుంది. కొనేముందు చూడాల్సింది మోటరు కాదు, ముందున్న స్పిండిల్ (కర్రని తిప్పే ఇరుసు) మర. దానికి సరిపడే చక్ (కర్రని పళ్ళతో పట్టేది), ఫేస్‌ప్లేట్ (కర్రని స్క్రూలతో బిగించే పళ్ళెం) దొరుకుతాయా లేదా అడగండి. మర కలవక చక్ ఒకటీ మిషను ఒకటీ అయి ఆర్నెల్లు అటకెక్కించినవాళ్ళు నాకు తెలుసు.

చెంబుకీ కూజాకీ వచ్చేసరికి బరువు కావాలి. పచ్చి దుంగ ఒక పక్క బరువెక్కువ ఉంటుంది, అది తిరిగితే తేలిక మిషను బల్లతో సహా నడిచి గుమ్మం దాకా వస్తుంది. అలాంటివాళ్ళకి చేయించుకున్న లేతే మేలని నా అభిప్రాయం. మన దగ్గర రైసుమిల్లులకీ రొయ్యల చెరువుల మోటర్లకీ పనిచేసే లేతు వర్క్స్ షాపులు ఊరూరా ఉన్నాయి, స్పిండిల్ తిప్పించి, రెండు బేరింగులు వేసి, ఫేస్‌ప్లేటుకి మర కొట్టించడం వాళ్ళకి ఒక పూట పని. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటరుకి 3 అంగుళాల పుల్లీ, లేతుకి 6 అంగుళాలది వేస్తే 720 వస్తుంది, చెంబు సైజుకి అది మంచి వేగం. చెరువుల దగ్గర పాత త్రీఫేజ్ మోటర్లు దొరికితే వదలకండి, ఒక వీఎఫ్‌డీ (మోటరు వేగం మార్చే కరెంటు పెట్టె) పెడితే ఇంటి కరెంటు మీదే నడుస్తుంది, మీట తిప్పితే వేగం మారుతుంది. కాకపోతే మోటరు లోపలి కనెక్షను మార్చాల్సి రావచ్చు, ఆ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

వేగానికి ఒక గుర్తు చెబుతాను. పాత్ర వెడల్పు అంగుళాల్లో, నిమిషానికి చుట్లు, ఈ రెంటినీ గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. అంటే 6 అంగుళాల పాత్ర సమంగా తిరుగుతుంటే 1000 నుంచి 1500. పచ్చిదైనా, వంకరదైనా, లోపల తొలుస్తున్నా అందులో సగం. మంచం కోళ్ళ షాపులో వేగం చూసి వచ్చి ఇంట్లో దుంగని అలాగే తిప్పకండి.

లోపల కోసే బార్లు

ఇక్కడ మూడు రకాలు. ఒకటి, 16 లేదా 20 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ కొసకి రంధ్రం వేసి, అందులో చిన్న హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) బిట్టు పెట్టి అలెన్ స్క్రూతో బిగించింది. రెండు, గుండ్రటి కార్బైడ్ (స్టీలు కంటే గట్టిది) బిళ్ళ బిగించిన బార్. మూడు, బార్‌ని మోచేయిలాంటి ఇనుప చట్రంలో ఇరికించి, పైన లేజర్ చుక్క పెట్టి గోడ మందం చూపించే ఏర్పాటు.

మూడోది చేతికి శ్రమ లేకుండా చేస్తుంది, ఉలి తిరగబడే బలమంతా చట్రమే మోస్తుంది, 10 అంగుళాల లోతు కూజాలు వరసగా చేసేవాళ్ళకి అది లేకుండా కుదరదు. కానీ నేర్చుకునే మనిషికి అదొక ముసుగు, చెక్క ఏం చెబుతోందో చేతికి తెలియదు, దాని ఖరీదుకి మీరు లేతే చేయించుకోవచ్చు. కార్బైడ్ బిళ్ళ పదును పెట్టక్కర్లేదు, మొద్దుబారితే కొంచెం తిప్పి బిగిస్తే చాలు, అందుకే కొత్తవాళ్ళంతా దాని మీద పడతారు. మెత్తటి మామిడిలో మాత్రం అది కోసినట్టుండదు, గీకినట్టుంటుంది, లోపల పోగులు లేచిపోయి వేలు పెడితే గరుగ్గా తగులుతుంది.

నా ఓటు మొదటిదానికే. హెచ్ఎస్ఎస్ బిట్టు ఇనుప సామాన్ల షాపులో దొరుకుతుంది, కడ్డీకి రంధ్రం లేతు వర్క్స్‌లో వేయిస్తారు, నాకు మొత్తం రెండు బిర్యానీల ఖర్చయింది. తిన్నగా ఉన్నది ఒకటి, కొస వంచినది ఒకటి, రెండూ చేయించుకోండి. తిన్నగా ఉన్నది అడుగుకి, వంపుది భుజం కింద దాక్కున్న చెక్కకి. భరిణెల వరకు తిన్నగా ఉన్నదొక్కటే చాలు.

బార్ పట్టుకోవడంలో ఒక్క విషయం చెబుతాను, దీనికి నేను మూడు చెంబులు మూల్యం చెల్లించాను. లోపల కోసేటప్పుడు మొన సరిగ్గా నడిమి గీత మీద గానీ, దానికి ఒక వెంట్రుకవాసి పైన గానీ ఉండాలి, పిడి కొంచెం ఎత్తి పట్టాలి. ఎందుకంటే బరువు పడగానే బార్ కిందికి వంగుతుంది. పైన ఉంటే వంగి ఖాళీలోకి జారుతుంది, కింద ఉంటే వంగి వంగి గోడలోకి దిగబడుతుంది. అలా దిగబడిన శబ్దం ఒకసారి వింటే మర్చిపోరు.

లోతు తెలియడానికి ముందే మధ్యలో డ్రిల్లుతో కావలసిన లోతుకి రంధ్రం వేసేయండి, డ్రిల్లు బిట్టు మీద టేపు ముక్క అంటిస్తే అదే గుర్తు. గోడ మందానికి గట్టి కమ్మీని ఇంగ్లీషు జి అక్షరంలా వంచి, రెండు కొసల మధ్య వేలెడు సందు వదిలితే చాలు. ఒక కొస లోపలి గోడకి ఆనించి, బయట కొసకీ పాత్రకీ మధ్య ఎంత సందు మిగిలిందో చూస్తే మందం తెలిసిపోతుంది. పొట్టు తీయడానికి మాత్రం మిషను ఆపండి, ప్రతిసారీ ఆపండి. తిరుగుతున్న మూతిలో వేలు పెట్టకూడదు. లుంగీ, మెడలో తుండుగుడ్డ, చేతులకి గ్లోవ్స్, ఏవీ వద్దు, ముఖానికి ఫేస్ షీల్డు, ముక్కుకి మాస్కు ఉండాలి.

పచ్చి చెక్కా, ఎండు చెక్కా

ఇంతసేపూ చెప్పిందంతా డబ్బుతో తేలే సంగతి. చెక్క ఓపికతో తేలాలి, అందులోనూ మన డెల్టా గాలిలో.

ఎండు చెక్క అంటే మనకి దొరికేది ఎక్కువగా టేకు, ద్వారబంధాలు కోయగా మిగిలిన ముక్కలు. వడ్రంగి షాపులో అడిగితే ఇస్తారు, భరిణెలకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. వాటి మందం 3, 4 అంగుళాలకి మించదు కాబట్టి చెంబు రాదు. చెంబు కావాలంటే పచ్చి దుంగే దిక్కు. పచ్చిది కోయడం సుఖం, పొట్టు తడి రిబ్బన్లలా వస్తుంది, దుమ్ము లేవదు. కానీ ఆరేటప్పుడు అది అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు, అక్కడే పగులుతుంది. అందుకే రెండుసార్లు తిప్పాలి: ముందు ముతకగా తొలిచి, వెడల్పులో పదోవంతు మందం గోడ వదిలి (6 అంగుళాల చెంబుకి 15 మిల్లీమీటర్లు), ఆరబెట్టి, గుడ్డులా సాగిన దాన్ని మళ్ళీ బిగించి 5 మిల్లీమీటర్లకి దించాలి. దుంగ నడిమి బొడ్డుని పాత్ర గోడలో ఉంచకండి, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఆరబెట్టడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ముతక చెంబుని పాత న్యూస్‌పేపర్లో రెండు మూడు పొరలు చుట్టి, ఫ్యాను గాలీ ఎండా తగలని చోట పెట్టండి. నేను వంటింటి త్రాసు మీద తూచి బరువు పెన్సిల్‌తో అడుగున రాస్తాను, వారానికోసారి. ఒక మామిడి చెంబు అడుగున ఇప్పటికీ ఆ వరస కనిపిస్తుంది, 1340 దగ్గర మొదలై 870 దగ్గర ఆగిన అంకెలు. మూడు వారాలు వరసగా అదే అంకె వస్తే ఆరినట్టు. మాఘంలో తొలిచిన చెంబు చైత్రం దాటాక సిద్ధమైంది. శ్రావణంలో తొలిచినది పేపరుతో సహా బూజు పట్టింది, కాబట్టి వానాకాలంలో పేపరు రెండు రోజులకోసారి మార్చండి, లేదంటే ఆ నెలలు భరిణెలతో సరిపెట్టుకోండి. ఇంక తొందరపడి డాబా మీద ఎండలో పెట్టేవాళ్ళున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రాయే పగిలే ఎండకి మీ చెంబొక లెక్కా?

ఏ చెట్టు అంటే, మొదటి చోటు నిద్రగన్నేరుకి ఇస్తాను. రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద గొడుగులా ఉంటుందే, అదే. చేవ ముదురు గోధుమ రంగు, చుట్టూ తెల్లచెక్క, ఆరేటప్పుడు చాలా తక్కువ ముడుచుకుంటుంది కాబట్టి పచ్చిగా తిప్పినా పగుళ్ళు తక్కువ. దాని దుమ్ము మాత్రం ముక్కు మంట పుట్టిస్తుంది. రెండోది గంగరావి. మన తీరం పొడుగునా ఉండే చెట్టు, దీన్నే హవాయి దీవుల్లో మిలో అంటారు, అక్కడివాళ్ళు పూర్వం నుంచి తిండి గిన్నెలు దీంతో చేసుకున్నారు, చెక్క రుచి తిండికి అంటదని. మనం ఇంత మంచి చెక్కని పొయ్యిలో పెడుతున్నాం. పనస కూడా మంచిదే, బొబ్బిలి వీణలు తొలిచేది దాంతోనే కదా, ఉలితో అనుకోండి, లేతు మీద కాదు. మామిడి అందరికీ దొరుకుతుంది, ప్రాక్టీసుకి అదే వాడండి, కానీ కొట్టిన వారంలో నల్లచారలు పడుతుంది, పురుగు తొందరగా చేరుతుంది. ఆ చారలు కొంతమందికి నచ్చుతాయి, నాకూ నచ్చుతాయి. వేప, తుమ్మ మొదటి ఏడాది ముట్టుకోవద్దు.

కోనసీమలో కూర్చుని కొబ్బరి సంగతి ఎత్తకపోతే ఊరుకోరు. కొబ్బరి మాను బయటి పట్టీ ఇనుములా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తబడి నడిమికి బెండులా అవుతుంది. మానుని నిలువునా నిలబెట్టినట్టు బిగించి తొలిస్తే ఆ బెండంతా ఎలాగూ పొట్టుగా పోతుంది, గట్టి పట్టీయే గోడ అవుతుంది, చుక్కలు చుక్కలుగా ఎంత అందంగా ఉంటుందో. చిక్కంతా అడుగుతోనే, అక్కడ బెండు మిగిలిపోతుంది. నేను అడుగు పూర్తిగా తీసేసి టేకు బిళ్ళ అతికిస్తాను. ఉలి మాత్రం పావుగంటకోసారి సానకి వెళ్ళాల్సిందే.

ఇంకో మాట, కాలువ గట్టు మీద చెట్టు ప్రభుత్వానిది, గాలికి పడినా సరే అడక్కుండా రంపం పెట్టకండి. సామిల్లులో వంకర దుంగలు, కొమ్మల మొదళ్ళు పక్కన పడేసి ఉంటాయి, అవి అడగండి.

రెండు ముక్కలు చేసి అతికిస్తే

సన్నమెడ కూజా కావాలి, చీకట్లో తొలిచే ఓపిక లేదు అనేవాళ్ళకి ఇది దారి. దుంగని భుజం దగ్గర అడ్డంగా కోసి, రెండు ముక్కల్నీ వెడల్పు వైపు నుంచి కళ్ళకి కనిపించేలా తొలిచి, అంచుకి మెట్టు కోసి ఒకదాన్లో ఒకటి కూర్చోబెట్టి జిగురు పెట్టడం. అతుకు మీద ఒక గాడి కోసి లక్క నింపితే ఎవరికీ తెలియదు. ఇది మోసం అనేవాళ్ళున్నారు, నాకలా అనిపించదు, మూతిలోంచి లోపలికి తొంగిచూసి అతుకు వెతికే చుట్టాలు మీకుంటే తప్ప. ఒక షరతు మాత్రం ఉంది, ఎండు చెక్కకే ఇది. పచ్చి ముక్కలు అతికిస్తే ఒకటి ఇటు, ఒకటి అటు వంగి జిగురుని చీల్చేస్తాయి.

ఆరిన చెక్క కూడా ఊరు మారితే మారుతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో ఉండే మా చెల్లికి ఒక భరిణె పంపాను, ఇక్కడ టక్కున సరిపోయిన మూత అక్కడికి వెళ్ళాక బిగుసుకుని రాలేదు, మా బావ స్క్రూడ్రైవరు పెట్టి లేపాడు, అంచు లేచిపోయింది. అప్పట్నుంచి ఊరు దాటే భరిణెలకి మూత కొంచెం వదులుగానే ఉంచుతున్నాను.

పూతకి లక్క వచ్చినవాళ్ళు లక్క వేసుకోండి, అందులో రెండో ఆలోచన లేదు. రానివాళ్ళు ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు, అది ఆరే నూనె కాదు, ఏడాదైనా చేతికి జిడ్డుగా తగులుతూ దుమ్ము పట్టేస్తుంది. అవిసె నూనె ఆరుతుంది, పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, రెండు మూడు రోజులాగి ఇంకో పూత వేయండి. తుడిచిన గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది, తీగ మీద విప్పి ఆరేయండి, పొట్టు బస్తాలకి దూరంగా.